షీట్లు డార్క్‌గా వస్తున్నాయన్న ఆల్బమ్ డిజైనర్: ఇంట్లోకి పెద్ద మానిటర్ ఎంపిక, క్యాలిబ్రేషన్ కేస్ స్టడీ

ఆయన గుంటూరులో ఇంటి నుంచే పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్క్ తెచ్చి ఇస్తే ఫొటోషాప్‌లో షీట్లు కూర్చి ల్యాబ్‌కి పంపుతారు. నాకు ఫోన్ చేసినప్పుడు రెండు సంగతులు చెప్పారు. ఒకటి, పాత 24 అంగుళాల మానిటర్ తీసేసి పెద్దది కొనాలి. రెండోది, ల్యాబ్ నుంచి షీట్లు డార్క్‌గా వస్తున్నాయి, పెళ్ళివాళ్ళు ఊరుకోవడం లేదు. పెద్ద మానిటర్ వస్తే రెండోదీ తీరిపోతుందని ఆయన నమ్మకం. బడ్జెట్ 45 వేలు.

స్టూడియోలకూ, ప్రెస్‌లకూ కలర్ సెట్ చేసిపెట్టే పని నాది. "స్క్రీన్ మీద బాగుందండీ, ప్రింట్‌లోనే డార్క్" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అలా అన్నవాళ్ళు ముందు ల్యాబ్‌ని తిడతారు, తర్వాత మానిటర్ మారుస్తారు. గదిలో లైటు వైపు మాత్రం ఎవరూ చూడరు. అందుకే మోడళ్ళ జోలికి పోకుండా ముందు ఆ గది చూస్తానన్నాను.

గది

పడకగదిలో ఒక మూల కంప్యూటర్ టేబుల్. తూర్పుముఖంగా కూర్చోవాలని పట్టుదల కాబట్టి కిటికీ వీపు వెనక, పడమర గోడకు ఉంది. సాయంత్రం నాలుగు దాటితే ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. గోడలకు చిలకపచ్చ రంగు. పైన ఒకే ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైట్, మన ఇళ్ళలో అందరికీ ఉండే 6500 కెల్విన్ తెల్లటిది.

వెలుతురు కొలిచే లక్స్ మీటర్ టేబుల్ మీద పెడితే 140 లక్స్ చూపించింది. పాత మానిటర్ బ్రైట్‌నెస్ వందకు వంద మీద ఉంది. సెన్సర్ పెట్టి కొలిస్తే తెలుపు 238 నిట్స్ (తెర వెలుగుకు కొలమానం), రంగు 8200 కెల్విన్ దగ్గర, అంటే బాగా నీలం వైపు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆయన సమస్య సగం అర్థమైపోతుంది. కాగితం తనంతట తను వెలగదు, మీద పడిన వెలుతురునే తిరిగి పంపుతుంది. మంచి ఫొటో కాగితం దాదాపు 90 శాతం వెలుతురును తిప్పికొడుతుంది అనుకుందాం. 140 లక్స్‌ని 0.9తో గుణించి 3.14తో భాగిస్తే 40 నిట్స్ వస్తుంది. అంటే ఆ గదిలో షీటు మీది తెలుపు 40 నిట్స్, పక్కనే స్క్రీన్ మీది తెలుపు 238. ఆరు రెట్లు తేడా! ఏ ల్యాబ్ ఎంత బాగా ప్రింట్ చేసినా ఆ టేబుల్ దగ్గర షీటు డార్క్‌గానే కనబడుతుంది. దానికితోడు స్క్రీన్ అంతలా వెలుగుతుంటే మొహాలు తెల్లగా పాలిపోయినట్టుంటాయి. అప్పుడు డిజైనర్ చెయ్యి కర్వ్స్‌లో (ఫొటో వెలుగు సర్దే టూల్) ఫొటోని కిందికే లాగుతుంది. అలా తగ్గించిన ఫైలే ల్యాబ్‌కి వెళ్తోంది.

ఆయన మొహంలో అనుమానం పోలేదు. పాత మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి, ఈ మధ్య గొడవైన ఒక షీటుని తెరిచి, అసలు షీటుని కిటికీ దగ్గర పగటి వెలుగులో పట్టుకుని చూడమన్నాను. "దగ్గర దగ్గరగా ఉంది గదండీ" అన్నారు. అప్పటినుంచి మిగతా మాటలు తేలికయ్యాయి.

టీవీ కొంటానన్నప్పుడు

పెద్దది కావాలనడం వెనక ఆయనకు గట్టి లెక్కే ఉంది. మన దగ్గర పెళ్ళి ఆల్బమ్ షీటు ఎక్కువగా 12×36. అంటే విప్పితే మూడు అడుగుల వెడల్పు. 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ళు) లెక్కన 10,800×3,600 పిక్సెళ్ళు. 24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 21 అంగుళాలే కాబట్టి షీటు మొత్తం ఒకేసారి చూడాలంటే అసలు సైజులో 58 శాతానికి కుదించాలి. అందుకే 43 అంగుళాల 4కే టీవీ తెచ్చుకుంటానన్నారు. "దాని వెడల్పు 37 అంగుళాల పైనే ఉంటుంది, షీటు షీటంతా అసలు సైజులో కనపడుతుంది" అని టేపుతో కొలిచి మరీ చెప్పారు. పైగా మంచి 32 అంగుళాల మానిటర్ కంటే టీవీయే చవక.

కాదనడానికి నాకూ లెక్కలే కావాల్సొచ్చింది. ఆయన కూర్చునే దూరం 70 సెంటీమీటర్లు. 43 అంగుళాల తెర సగం వెడల్పు 47 సెంటీమీటర్ల పైమాట. తెర మధ్యకు ఎదురుగా కూర్చుంటే రెండు అంచులనూ 34 డిగ్రీల వాలులో చూస్తారు. ఈ ధరలో దొరికే టీవీల్లో చాలావాటికి వీఏ రకం ప్యానెల్ ఉంటుంది. ఎదురుగా చూస్తే దాని నలుపు, మానిటర్లలో ఎక్కువగా వాడే ఐపీఎస్ రకం కంటే ఎంతో లోతుగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపు వెలుగుల నిష్పత్తి) 3000:1 దాటి కూడా పోతుంది, సినిమాకి హాయి. పక్కనుంచి చూస్తే మాత్రం నీడలు తేలిపోతాయి. షీటులో ఎడమ చివర పెళ్ళికొడుకు, కుడి చివర పెళ్ళికూతురు, మధ్యలో తలంబ్రాలు అనుకోండి. ఒకే ఛాయ ఉన్న మూడు మొహాలు మూడు రకాలుగా కనబడతాయి. ఏది సరిచేయాలో ఎవరు చెబుతారు?

ఇంకోటి, చాలా టీవీలు పీసీ మోడ్‌లో పెట్టకపోతే రంగు వివరాన్ని తగ్గించి చూపిస్తాయి. వెలుగు వివరం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒకటే. సినిమాలో ఇది పట్టుబడదు. ఎర్ర పట్టుచీర అంచునో, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలనో దగ్గర నుంచి చూస్తే అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఇక సీన్ బట్టి వెలుగు మార్చుకునే ఫీచర్లన్నీ మెనూలో వెతికి ఆపినా, కొన్ని టీవీల్లో ఏదో ఒకటి మిగిలిపోతుంది. అది ఆగకపోతే క్యాలిబ్రేషన్‌కి, అంటే సెన్సర్‌తో కొలిచి రంగూ వెలుగూ సరిచేయడానికి, అర్థం లేదు. సెన్సర్ కొలిచినప్పుడు ఉన్న వెలుగు పనిచేసేటప్పుడు ఉండదు.

34 అంగుళాల అల్ట్రావైడ్ గురించి కూడా ఆలోచించాం, ఎందుకంటే షీటు ఆకారానికి అదే దగ్గర. వెడల్పు 31 అంగుళాల పైన, అంటే షీటు 87 శాతం సైజులో పడుతుంది. కానీ ఫొటోషాప్ లేయర్ల ప్యానెల్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఆ లాభంలో సగం అక్కడే పోతుంది. పిక్సెళ్ళు కూడా అంగుళానికి 110 మాత్రమే. 31.5 అంగుళాల 4కేలో 140. ఆ సాంద్రతలో పిక్సెల్ 0.18 మిల్లీమీటర్లు, 70 సెంటీమీటర్ల నుంచి మామూలు కంటికి విడిగా కనబడదు. కళ్ళ దగ్గర రీటచ్ చేసేవాళ్ళకు ఇది పెద్ద తేడా. షీటు 76 శాతం సైజులో పడుతుంది, పైనా కిందా ప్యానెళ్ళకు చోటు మిగులుతుంది. అంచుల దగ్గర వాలు 26 డిగ్రీలకు తగ్గుతుంది, ఐపీఎస్‌కి అది లెక్కలోది కాదు. ఓఎల్ఈడీ ఆయన బడ్జెట్‌లో లేదు. ఉన్నా, రోజంతా ఒకేచోట నిలిచి ఉండే ఫొటోషాప్ ప్యానెళ్ళు తెర మీద అచ్చు పడిపోతాయన్న భయంతో నేను వద్దనేవాణ్ణి.

చివరికి 31.5 అంగుళాల 4కే ఐపీఎస్ ఖాయమైంది. మోడల్ పేరు ఇక్కడ రాయను, ఈ ధరలో మోడళ్ళు త్వరత్వరగా మారిపోతాయి. రంగుల పరిధి విషయంలో మాత్రం నా మాట చాలామందికి నచ్చదు. "95 శాతం పీ3" అని, అంటే ఇంకా వెడల్పైన రంగుల పరిధి ఉందని, పెట్టె మీద రాసి ఉన్నదాన్ని పక్కనపెట్టి, మామూలు స్క్రీన్ల పరిధి అయిన ఎస్ఆర్‌జీబీ వరకే పూర్తిగా చూపించేదాన్ని తీసుకోమన్నాను. ఆయన ల్యాబ్ ఎస్ఆర్‌జీబీ జేపెగ్ మాత్రమే తీసుకుంటుంది. ఇంట్లో పిల్లాడు అదే కంప్యూటర్ మీద క్లాసులు వింటాడు, సినిమాలు చూస్తాడు. వెడల్పు పరిధి ఉన్న మానిటర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ (తెర పరిధిని బట్టి రంగులు సర్దడం) తెలియని ప్రోగ్రాములన్నీ రంగులను గుప్పించి చూపిస్తాయి. కుంకుమ నియాన్ లైటులా మెరుస్తుంది. ఎస్ఆర్‌జీబీ మోడ్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనివ్వని మానిటర్లు చాలా ఉన్నాయి, మనకు మొదట కావాల్సిందే అది. ఇంక్‌జెట్‌లో ఆర్ట్ ప్రింట్లు తీసేవాళ్ళకైతే నా సలహా వేరుగా ఉంటుంది.

పెట్టె విప్పాక

తెర మొత్తం బూడిద రంగు పెట్టి చూస్తే చచ్చిన పిక్సెళ్ళు లేవు. ఎడమ కింది మూల మధ్యతో పోలిస్తే 13 శాతం తక్కువ వెలుగుతోంది. ఈ ధరలో ఇది మామూలే, ఉంచేసుకోమన్నాను. 20 శాతం దాటి ఉంటే మార్చుకునే గడువు లోపలే వెనక్కి పంపించేవాళ్ళం.

హెచ్‌డీఎంఐతో కలిపితే మౌస్ ఈడ్చుకుంటూ కదిలింది. నలుపు నలుపులా లేదు, బూడిద పట్టినట్టుంది. ఆయన కంగారుపడి "పీసు తేడా వచ్చిందా?" అన్నారు. పీసు మంచిదే. ఆయన గ్రాఫిక్స్ కార్డు పాతది, దాని హెచ్‌డీఎంఐ 1.4 రకం. అది 4కేని సెకనుకు 30 సార్లే పంపగలదు, అందుకే ఆ ఈడుపు. బూడిద సంగతి వేరు. హెచ్‌డీఎంఐలో 4కే వెళ్తుంటే కార్డు అవతల టీవీ ఉందనుకుని 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు పంపాల్సిన సిగ్నల్‌ని 16 నుంచి 235కి కుదించి పంపిస్తోంది. కొలిస్తే కాంట్రాస్ట్ 250:1 మాత్రమే వచ్చింది. వెయ్యికి ఒకటి ఉండాల్సిన ప్యానెల్‌లో 16వ మెట్టుని నలుపు అనుకుని చూస్తే సరిగ్గా అంతే వస్తుంది. అదే కార్డుకి డిస్‌ప్లేపోర్ట్ 1.2 కూడా ఉంది. కేబుల్ మార్చగానే 60 హెర్ట్జ్ వచ్చింది. కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో డైనమిక్ రేంజ్ "ఫుల్" అని ఉందో లేదో చూసి మళ్ళీ కొలిస్తే 1040:1. ఇలాంటిచోట నేరుగా క్యాలిబ్రేషన్ మొదలుపెడితే సాఫ్ట్‌వేర్ ఆ బూడిదనే నలుపుగా తీసుకుని ప్రొఫైల్ (మానిటర్ రంగులను ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలు) రాసేస్తుంది. ఆ తర్వాత ఎక్కడ తప్పుందో పట్టుకోవడం కష్టం.

మానిటర్ స్టాండు టేబుల్‌లో సగం తినేసింది. రెండడుగుల లోతున్న టేబుల్ మీద 70 సెంటీమీటర్ల దూరం రావాలంటే స్టాండు తీసేయాల్సిందే. వెనక ఆర్మ్ బిగించడానికి 100×100 వెసా రంధ్రాలున్నాయి కాబట్టి ఆర్మ్ బిగించాం. ఆయనది బైఫోకల్ కళ్ళద్దం. అందరికీ చెప్పినట్టు పై అంచు కంటి ఎత్తులో పెడితే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాలి, మెడ పట్టేస్తుంది. ఆయనకు ఇంకో నాలుగు వేళ్ళు కిందికి దించి, తెరని కొంచెం వెనక్కి వాల్చాం. విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం. టేబుల్ తూర్పుముఖంగానే ఉంది, ఆ విషయంలో నేను వాదించలేదు. కిటికీకి మందపాటి బూడిదరంగు కర్టెన్, మానిటర్ వెనక కనబడే గోడ ముక్కకు లేత బూడిద పెయింట్. చిలకపచ్చ ఎదురుగా ఉంటే కన్ను దానికి అలవాటుపడి మొహాలను ఎర్రగా చూస్తుంది.

క్యాలిబ్రేషన్

ఫ్యాక్టరీ రీసెట్ చేసి, డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, బ్లూలైట్ ఫిల్టర్, విండోస్ నైట్ లైట్ అన్నీ ఆపేశాం. అరగంట వేడెక్కనిచ్చాం. సెన్సర్‌గా కలరిమీటర్, సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేక్యాల్. ఇది ఉచితం, వెనకాల కొలతల పనంతా ఆర్గిల్ సీఎంఎస్ చేస్తుంది. కలరిమీటర్‌కి బ్యాక్‌లైట్ ఏ రకమో చెప్పాలి. ఈ మానిటర్‌ది మామూలు తెల్ల ఎల్ఈడీ కాబట్టి ఆ కరెక్షన్ ఫైలు ఎంచుకున్నాం. ఇక్కడ తప్పు రకం ఎంచుకుంటే అన్ని అంకెలూ అందంగానే వస్తాయి, తెలుపు మాత్రం గులాబీగానో పచ్చగానో కనబడుతుంది. ట్యూబ్‌లైటూ, సీలింగ్ ఫ్యానూ ఆపాం. ఫ్యాను గాలికి వేలాడే సెన్సర్ కదిలితే అంచు లేచి వెలుతురు లోపలికి పోతుంది.

పెట్టె విప్పినప్పుడు తెలుపు 286 నిట్స్, 7100 కెల్విన్. లక్ష్యాలు ఏం పెట్టుకోవాలన్నదే అసలు నిర్ణయం. ప్రింట్ పుస్తకాలు డీ50 అంటాయి, అంటే 5000 కెల్విన్. ప్రెస్‌లో ప్రూఫ్ చూసే లైట్ బూత్ ఉన్నవాళ్ళకు అది సరే. ఇక్కడ ఆయన గదిలోనూ, ఆల్బమ్ చూసే పెళ్ళివాళ్ళ హాల్లోనూ ఉన్నది 6500 ట్యూబ్‌లైట్లే. అందుకే డీ65 (6500 కెల్విన్) పెట్టాను, గామా (మధ్య ఛాయలు ఎంత వెలగాలో చెప్పే అంకె) 2.2. వెలుగు 110 నిట్స్.

110 ఎందుకంటే, గది లెక్క ప్రకారం స్క్రీన్‌ని 40 నిట్స్‌కి దించాలి. అంత మసకలో పనిచేస్తే రంగులే సరిగా తెలియవు. అందుకని స్క్రీన్‌ని కొంత దించి, కాగితం మీది వెలుతురుని కొంత పెంచాలి. టేబుల్ పక్కన షీటు పెట్టి చూడటానికి ఒక ఎల్ఈడీ ల్యాంప్ పెట్టించాను. తెల్లగా ఉండి, రంగుల సూచిక సీఆర్ఐ 90 పైన ఉన్నది. మామూలు ట్యూబ్‌లైట్ల సీఆర్ఐ 80 దగ్గర ఉంటుంది, వాటి కింద పట్టుచీర ఎరుపు చచ్చిపోతుంది. ల్యాంప్ వెలుతురు తెర మీద పడకుండా తిప్పి, ఎత్తు సర్దితే షీటు మీద 380 లక్స్ వచ్చింది. పాత లెక్కే మళ్ళీ వేస్తే కాగితం తెలుపు 109 నిట్స్.

మానిటర్ మెనూలో బ్రైట్‌నెస్ 24కి దించితే 110 తగిలింది. తెలుపు కోసం ఎరుపు గెయిన్ (ఆ రంగు బలం) 100 దగ్గరే ఉంచి ఆకుపచ్చని 96కి, నీలాన్ని 91కి తగ్గించాం. ఈ పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే గ్రాఫిక్స్ కార్డు పట్టికలో నీలం మెట్లు కోసేస్తుంది, సాయంత్రపు ఆకాశం లాంటి చోట్ల చారలు పడతాయి. మానిటర్‌లోనే తగ్గిస్తే కార్డు దిద్దాల్సింది చాలా తక్కువ. తర్వాత ప్రొఫైల్, సింగిల్ కర్వ్ ప్లస్ మ్యాట్రిక్స్ రకం. ఐపీఎస్ తిన్నగా ప్రవర్తిస్తుంది కాబట్టి పెద్ద పట్టికల ప్రొఫైల్ అక్కర్లేదు. వెరిఫై చేస్తే సగటు డెల్టా ఈ (రంగులో తేడా కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) 0.7, గరిష్ఠం 2.1, కాంట్రాస్ట్ 930:1. గెయిన్లు తగ్గించినందుకు ఆ కాంట్రాస్ట్ కొంచెం పోయింది.

ఫొటోషాప్ తెరిస్తే కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్‌గా (ఫైలు రంగులకు ఆధారమయ్యే పరిధి) పాత మానిటర్ ప్రొఫైల్ పెట్టి ఉంది. ఎవరో చెప్పారట. ఇది మన డిజైనర్లలో బాగా పాకిన అలవాటు. మానిటర్ ప్రొఫైల్ విండోస్ దగ్గర ఉంటే చాలు, ఫొటోషాప్ దాన్ని అక్కడినుంచే తీసుకుంటుంది. వర్కింగ్ స్పేస్ ఎస్ఆర్‌జీబీ చేసి, సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ ఎంబెడ్ అయ్యేలా టిక్ పెట్టాం.

ట్యూబ్‌లైట్ వేశాక ఆయన మొదటి మాట: "ఇదేంటండీ, ఇంత డల్‌గా ఉంది?" 238 నుంచి 110కి వచ్చిన కన్ను అలాగే అంటుంది. సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు. మీరేమీ మార్చకుండా నాలుగు రోజులు పనిచేయండి, నచ్చకపోతే మళ్ళీ పిలవండి అన్నాను.

టెస్ట్ ప్రింట్

ల్యాబ్‌కి ఒక షీటు పంపాం. అందులో బూడిద మెట్లు, చామనఛాయ మొహం ఒకటి, తెల్లని మొహం ఒకటి, మంగళస్నానం ఫొటో, ఎర్ర పట్టుచీర ఫొటో. ల్యాబ్ వాళ్ళకు ఆటో కరెక్షన్ పెట్టొద్దని గట్టిగా చెప్పించాను, అది పెడితే పరీక్షే వృథా. షీటు వచ్చాక ల్యాంప్ కింద స్క్రీన్ పక్కన పెట్టి చూశాం. మొహాలు కుదిరాయి. బూడిద మెట్లలో చివరి రెండు నలుపులు కాగితంలో కలిసిపోయాయి, కాగితం నలుపు స్క్రీన్ నలుపంత లోతుకు పోదు కాబట్టి అది ఉండేదే. ల్యాబ్ ఇచ్చిన ప్రొఫైల్‌తో కంట్రోల్ వై (ప్రింట్ ఎలా వస్తుందో ముందే చూపించే ఫొటోషాప్ షార్ట్‌కట్) నొక్కి చూస్తే స్క్రీన్ మీద కూడా అవి అలాగే కలిసిపోతున్నాయి.

కుదరనిది పసుపూ ఎరుపే. పసుపు పూసిన చెంపల మీద ముద్దగా రంగు, కింద చర్మం జాడ లేదు. చీర కుచ్చిళ్ళ మడతలు మాయం. ఆయన మళ్ళీ మానిటర్ వైపు చూశారు. ఇన్ఫో ప్యానెల్ తెరిచి కర్సర్ చెంప మీద పెట్టించాను: నీలం 0. చీర మీద: ఎరుపు 255, ఎటు కదిపినా 255. ఫైల్లోనే వివరం లేదు, ఏ మానిటరూ దాన్ని తీసుకురాలేదు. పాత స్క్రీన్ వెలుగులో ఇది కూడా బాగున్నట్టే అనిపించేది. ఫొటోగ్రాఫర్ దగ్గర రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచిన ఫైలు) ఉంటే అక్కడ సాచురేషన్ తగ్గించి మళ్ళీ తీయించుకుంటే మడతలు వస్తాయి. జేపెగ్‌లో తీసినవాటికి చేయగలిగింది తక్కువ.

ఇంట్లోవాళ్ళ వాడకం

పిల్లాడికి 110 నిట్స్ సినిమా నచ్చలేదు. రెండో ప్రీసెట్ పెడదామా అంటే, గెయిన్లు మారితే ప్రొఫైల్ అబద్ధమైపోతుంది, తిరిగి మార్చడం మర్చిపోతే ఆల్బమ్ మీద పడుతుంది. అదే ప్రీసెట్‌లో బ్రైట్‌నెస్ ఒక్కటే పెంచుకోమన్నాం. ఎల్ఈడీ బ్యాక్‌లైట్‌లో వెలుగు పెంచితే రంగు పెద్దగా మారదు. ఫ్రేమ్ కింద "24" అని చిన్న స్టిక్కర్ అంటించాం. పొద్దున పనికి కూర్చునే ముందు దానికి తేవాలి, అంతే.

పెళ్ళివాళ్ళ ఫోన్ల గొడవ మాత్రం ఇంకా ఉంది. ప్రూఫ్ వాట్సాప్‌లో చూస్తారు, ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటుంది, ఆల్బమ్ వచ్చాక "ఫోన్లో ఇంకా ఎర్రగా ఉందే" అంటారు. ఆయన ఇప్పుడు కలర్ ఒప్పుకోవాల్సిన షీటు ఒక్కటి చిన్న సైజులో ప్రింట్ వేయించి చూపిస్తున్నారు. ఆ ఖర్చు బిల్లులో కలుపుతున్నారు.

రెండు నెలల తర్వాత కొలిస్తే 106 నిట్స్ వచ్చింది. బ్రైట్‌నెస్ 25కి పెంచి, ప్రొఫైల్ మళ్ళీ రాసి, స్టిక్కర్ మార్చాను. ఈ మధ్యలో డార్క్ అని తిరిగొచ్చిన షీటు ఒకటే ఉందన్నారు. తీసి చూస్తే అది పాత మానిటర్ మీద సగం చేసి ఆపేసిన ఆల్బమ్‌లోది. ఆ షీట్లు ఇంకా పదో పన్నెండో ఉన్నాయి, వాటిని పంపేముందు మొహాలు ఒకసారి చూసుకోమని చెప్పి వచ్చాను.